చర్చ: మా ఊరి బడిలో 3, 4, 5 తరగతులు పక్క ఊరికి పోయాయి. ఇది ఎవరి నిర్ణయం?

మేజరుకాలవ
మాది పల్నాడు మెట్ట. పంచాయతీ ఒకటే, ఊళ్లు మూడు. మూడింటిలోనూ మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు ఉండేవి. 2025 మే నెలలో, బడుల్లో తరగతులు ఎలా సర్దాలో చెప్పిన పాత ప్రభుత్వ ఉత్తర్వు జీవో 117ని తీసేసి బడులను 9 రకాలుగా చేశారు కదా. అప్పుడు పెద్ద ఊరి బడి మోడల్ ప్రైమరీ స్కూల్ (తరగతికో టీచరు ఉండే బడి) అయింది. మా ఊళ్లో 1, 2 తరగతులు మిగిలాయి, ఒక టీచరు మిగిలారు. మూడో తరగతి నుంచి పిల్లలు రెండు కిలోమీటర్ల పైగా పోవాలి. దారిలో కాలవ, దాని మీద పిట్టగోడ లేని వంతెన.

దూరం సంగతి పక్కన పెట్టండి. నా ప్రశ్న వేరే. ఎవర్ని అడిగినా 'మీ బడి యాజమాన్య కమిటీయే తీర్మానం చేసింది' అంటున్నారు. మా ఆవిడ ఆ కమిటీ సభ్యురాలు. సంతకం ఆవిడదే, కాదనను. మీటింగు అని పిలిచి రిజిస్టరు ముందు పెట్టారట, యూనిఫారం బట్ట వచ్చిందన్న కాగితమేమో అనుకుందట. ఇలా పుట్టిన తీర్మానాన్ని ఊరి నిర్ణయం అనొచ్చా? కలపడం మంచిదా కాదా అనేది కూడా చర్చించండి, కానీ ముందు ఈ ముక్కకి జవాబు చెప్పండి.

నల్లబల్ల
మోడల్ స్కూల్లో మూడో తరగతి చెబుతున్నాను, కాబట్టి నేను ఎటువైపో ముందే తెలిసిపోయింది. అంతకుముందు ఏకోపాధ్యాయ బడిలో చేశాను. అది ఎలా ఉంటుందో చెబుతాను, ఆ తర్వాత తిట్టండి.

ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు. మూడు, నాలుగు, ఐదుకి నాలుగేసి. మొత్తం 18. మనిషిని ఒక్కదాన్ని. ఒకటో తరగతి వాళ్లకి పలకల మీద అచ్చులు దిద్దమని చెప్పి, ఐదో తరగతికి భిన్నాలు మొదలుపెడతాను. ఈలోగా రెండో తరగతిలో ఇద్దరు కొట్టుకుంటారు. సరిగ్గా అప్పుడే ఫోను: గుడ్ల స్టాకు యాప్‌లో ఎక్కించలేదేంటి మేడమ్, మరుగుదొడ్ల ఫొటో రాలేదేంటి మేడమ్. నాకు జ్వరం వస్తే బడికి తాళం, లేకపోతే చుట్టుపక్కల బడులను చూసే స్కూల్ కాంప్లెక్స్ నుంచి సీఆర్ఎంటీని, అంటే బడి బడికీ తిరిగే టీచర్ని సర్దుబాటు చేయాలి. ఐదో తరగతి పిల్లాడికి రోజులో నా నుంచి అందే పాఠం గంట కూడా ఉండేది కాదు.

ఇప్పుడు తరగతికో టీచరు. నా మూడో తరగతిలో ఎవరికి వాక్యం చదవడం రాదో పేర్లతో సహా చెప్పగలను. కమిటీ సంతకం సంగతి నాకు తెలియదు. పిల్లల చదువు సంగతి మాత్రం కళ్లారా చూస్తున్నాను.

పాలమూరోడు
మేడమ్ జెప్పింది నిజమే గానీ, తర్వాత ఏమైతదో మా దిక్కు జూడుండ్రి. కేంద్రం ఏటా దీసే బడుల లెక్క యూడైస్, 2024-25 దాంట్ల ఒక్క పిల్లగాడు గూడ లేని బడులు దేశం మొత్తం మీద 7,993 ఉంటే, తెలంగాణలనే 2,245. బెంగాల్ తర్వాత మనమే. ఇవన్నీ సర్కారు తాళమేసిన బడులు గావు. ఊళ్లెకు ప్రైవేటోళ్ల పచ్చ బస్సు వచ్చింది, పోరగాండ్లు ఎక్కిండ్రు, అంతే. మూడో తరగతి సంది ఎట్లాగూ ఊరు దాటాలె అంటే తల్లిదండ్రి ఏమనుకుంటరు? దాటేదేదో నర్సరీ సందే దాటిస్తే అయిపోతది గదా అనుకుంటరు. ఇయ్యాల 1, 2 తరగతులు ఉంచిన మీ ఊరి బడి, ఇంకొన్నేండ్లకు ఆ లెక్కల చేరుతది.

నల్లబల్ల
బస్సు జీవో కంటే ముందే వచ్చింది సార్. కలపని ఊళ్లలోనూ ఖాళీ అయ్యాయి. ఒకే టీచరు ఉన్న బడికి పిల్లల్ని పంపడం ఎవరికి ఇష్టం?

పాలమూరోడు
గందుకే ఇంకో టీచర్నియ్యాలె. బడిని తీసుడెందుకు?

సెక్షన్21
చట్టంలో ఏముందో చూద్దాం, సగం గొడవ అక్కడే తేలుతుంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడిలో పిల్లలు 60 మంది లోపు ఉన్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. పదిమంది ఉంటే ఒకరు చాలనే మినహాయింపు లేదు. అదే యూడైస్ లెక్కలో ఏకోపాధ్యాయ బడులు దేశంలో 1,04,125. అందులో ఆంధ్రప్రదేశ్‌లోనే 12,912, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. అంటే నల్లబల్ల గారు పడిన కష్టం చిన్న బడి వల్ల వచ్చింది కాదు, రెండో పోస్టు ఇవ్వకపోవడం వల్ల వచ్చింది. ముందు టీచర్ని తీసేసి, ఆ తర్వాత 'చూశారా, ఒక్క టీచరుతో చదువు సాగడం లేదు, కలుపుదాం' అంటున్నారు.

దూరం: ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత 3 కిలోమీటర్ల లోపు అని నిబంధనలు. దాటితే రవాణా చూడాలి. 

కమిటీ: సెక్షన్ 21. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు. బడి పనిని గమనించడం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, వచ్చిన నిధుల ఖర్చు చూడటం దాని పని. తరగతులు తరలించడానికి ఒప్పుకోవాలా వద్దా అనే అధికారం చట్టంలో రాసి లేదు. కమిటీల అంగీకారంతోనే కలుపుతామన్నది ప్రభుత్వమే. అంత మాట అన్నాక రిజిస్టరులో సంతకం ఉంటే చాలదు, ఆ సంతకం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

బెంగళూరు తెలుగోడు
ఇంత గొడవ ఎందుకండీ. బడికి పెట్టే ఖర్చు పిల్లాడి పేరున తల్లి ఖాతాలో వేస్తే నచ్చిన చోట చదివించుకుంటారు. పోటీ ఉంటే సర్కారు బడీ బాగుపడుతుంది.

మేజరుకాలవ
మా ఊరి నుంచి మండల కేంద్రం వెళ్లి చూడండి సార్, పోటీ ఎవరితో ఎవరికో. అక్కడ ప్రైవేటు బడులు రెండు, రెంటికీ యజమాని ఒక్కడే.

రిటైర్డు పంతులు
మీరంతా బడి ఎక్కడ ఉండాలని కొట్టుకుంటున్నారు. బడి ఎవరి చేతిలో ఉందో ఎవరూ చెప్పడం లేదు. కాస్త పాత కథ చెబుతాను, ఓపిక పట్టండి.

1985లో మండలాలు రాకముందు మాకు పంచాయతీ సమితులు. ప్రాథమిక బడి సమితిది, పంతులు బదిలీ ప్రెసిడెంటు చేతిలో. ఎన్నికల్లో ఎవరి వెనక తిరిగావో లెక్క ఉండేది. నచ్చకపోతే జూన్లో ఒక ఊరు, సంక్రాంతికి ఇంకో ఊరు. మా తరం వాళ్లం ప్రెసిడెంటు గారి అరుగు మీద కూర్చున్నంత సేపు స్టాఫ్ రూములో కూర్చోలేదు. బదిలీలకు కౌన్సెలింగు వచ్చాక ఆ పీడ విరగడైంది. మళ్లీ ఆ రోజులు రావాలని చచ్చినా అనను.

కానీ అధికారం సమితి నుంచి పోయి ఎక్కడ చేరింది? ఊరికి రాలేదు, మండలంలోనూ ఆగలేదు. 73వ రాజ్యాంగ సవరణ 11వ షెడ్యూలులో 17వ అంశంగా ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలను పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించవచ్చని రాసుకుంది. మన బడి గేటు మీద నేటికీ మండల పరిషత్ అనే ఉంటుంది. ఆ మండల పరిషత్తు టీచర్ని వేయలేదు, తీయలేదు, సెలవు ఇవ్వలేదు. బదిలీ వెబ్ ఆప్షన్లలో, పుస్తకం రాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎస్సీఈఆర్టీలో, బ్యాగూ బూటూ కొనుగోలు రాష్ట్ర స్థాయిలో. సర్పంచి బడికి వస్తే జెండా పండుగకే.

ఇక ఎంఈవో, అంటే మండల విద్యాధికారి. ప్రభుత్వ టీచర్లకూ పంచాయతీరాజ్ టీచర్లకూ కలిపి ఒకే సర్వీసు రూల్స్ ఉండాలా, ఎంఈవో లాంటి పదోన్నతులు ఎవరికి దక్కాలి అనే తగాదా కొన్ని దశాబ్దాలు సాగింది. 2017లో రెండు వర్గాలనూ కలుపుతూ రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి, మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది. ఆ తగాదాతో చాలా మండలాలు ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జి ఎంఈవోలతోనే గడిచాయి. సొంత హైస్కూలు చూసుకుంటూ, మధ్యాహ్నం పూట మండలం మొత్తం చూసే హెడ్మాస్టరు ఏ బడికి వెళ్లి ఏ పిల్లాడి చేత చదివించి చూస్తాడు? ఫొటోలూ ఎక్సెల్ షీట్లే చూస్తాడు. పైనుంచి అడిగేది కూడా అదే.

కలిపిన బడి గానీ కలపని బడి గానీ, చదువు రాకపోతే తల్లి ఎవర్ని నిలదీయాలి? దానికి ఈ వ్యవస్థలో పేరు లేదు. చిన్న బడిలో కనీసం పంతులు మొహం తెలుసు.

నల్లబల్ల
పంతులు గారూ, మొహం తెలిసినంత మాత్రాన చదువు వస్తుందా? మీ మాట ప్రకారం ఊరికి అధికారం ఇస్తే మళ్లీ అరుగు మీదకే వస్తాం. ఇప్పటికే మధ్యాహ్న భోజనం వంట ఏజెన్సీ ఎవరికివ్వాలన్నది ఏ పార్టీ గెలిస్తే వాళ్లే తేలుస్తున్నారు. రేపు నా సెలవు కూడా వాళ్లే తేల్చాలా?

రిటైర్డు పంతులు
సెలవూ బదిలీ జోలికి పోవద్దమ్మా. నేనడిగేది ఒక్కటే. టీచరు లేని రోజుల్లో పంచాయతీ డబ్బుతో ఊరి డిగ్రీ పిల్లని విద్యా వలంటీరుగా పెట్టుకునే వీలు, తరగతులు తరలించే ముందు గ్రామసభలో చర్చ. ఈ మాత్రం ఇస్తే ఏ అరుగూ లేవదు.

గుడిసెలో గూగుల్
విద్యా వలంటీరు = సర్పంచి గారి మేనకోడలు. చదువుకోండి.

పాలమూరోడు
మేనకోడలైనా బడికొస్తే సాలు అన్నా 😀 మా ఊళ్ల గట్ల వచ్చిన వలంటీరు పిల్లనే నాకు ఎక్కాలు నేర్పింది.

మిరపచేను
నేను తల్లిని. ఇక్కడ రాసేవాళ్లలో పిల్లలు ఆ బడిలో ఉన్నవాళ్లు ఎంతమందో తెలియదు.

మా పాప నాలుగో తరగతి, బాబు రెండో తరగతి. ఇదివరకు పాప వాణ్ణి వేలుపట్టుకుని తీసుకెళ్లి, అన్నం దగ్గర కూడా కూర్చోబెట్టుకునేది. మిరపకోతలప్పుడు మేం ఆరింటికల్లా చేలో ఉంటాం, ఇద్దరూ కలిసి వెళ్లి కలిసి వస్తారన్న ధైర్యం. ఇప్పుడు పాప ఆటోలో మోడల్ స్కూలుకి, బాబు ఒంటరిగా ఇక్కడ. ఆటోకి డబ్బు మేమే కడుతున్నాం, రవాణా భత్యం పడుతుందన్నారు, ఎప్పుడో తెలియదు.

కానీ టీచరమ్మ చెప్పిందీ అబద్ధం కాదు. పాప ఈ ఏడు గడగడా చదువుతోంది. పోయినేడు నా చేత చదివించుకునేది, నాకే సరిగా రాదు. బాబుకేమో వాళ్ల టీచరు మీటింగుకి పోయిందంటే ఆ రోజు బడి లేదు. ఒకే ఇంట్లో ఒకరికి మంచైంది, ఒకరికి చెడైంది. నేను ఏ పక్క రాయాలి?

సెక్షన్21
అమ్మా, రెండు పక్కలా రాయండి. అసలు తరలింపు లెక్క అక్కడే తప్పింది. మోడల్ స్కూలుకి తరగతికో టీచర్ని ఇవ్వడం బాగుంది. ఆ పోస్టులు కొత్తవి కావు, మీ బాబు బడి నుంచి తీసి అటు సర్దారు. పెద్ద పిల్లల చదువు కోసం చిన్న పిల్లల టీచర్ని వాడుకున్నారు. అక్షరాలు కుదిరేది 1, 2 తరగతుల్లోనే, అక్కడే ఒంటరి టీచర్ని మిగిల్చారు. అక్కడ కుదరకపోతే మూడో తరగతికి నల్లబల్ల గారి దగ్గరికి ఏం పట్టుకుని వెళ్తాడు?

నల్లబల్ల
ఈ మాట ఒప్పుకుంటాను. 1, 2 తరగతులే మిగిలిన ఫౌండేషన్ బడుల నుంచి వచ్చేవాళ్లలోనే అక్షరాలు కలపడం రానివాళ్లు ఎక్కువ కనిపిస్తున్నారు నాకు. అయినా మా బడిని విడగొట్టమంటే మాత్రం ఒప్పుకోను.

మేజరుకాలవ
విడగొట్టమని నేనూ అనడం లేదు. వంతెనకి పిట్టగోడ, ఒకటి రెండుకి రెండో టీచరు, ఈ రెండూ కావాలి. అడిగితే ఎంఈవో ఆఫీసులో 'పైనుంచి రావాలి' అంటారు, ఎంపీడీవో ఆఫీసులో 'విద్యాశాఖది' అంటారు. తీర్మానం మాత్రం కిందనుంచే వచ్చిందంటారు!

సెక్షన్21
ఆ తీర్మానం నకలు, మీటింగు అజెండా, హాజరు పట్టీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తీసుకోండి. అజెండాలో తరగతుల తరలింపు అని లేకపోతే మీ చేతిలో విషయం ఉన్నట్టే. ఇంకోటి, 2024 ఆగస్టులో ఎన్నికైన కమిటీల గడువు రెండేళ్లు. తర్వాతి కమిటీలోకి ఎవరెళ్తారో ఇప్పుడే చూసుకోండి. మిరపచేను గారి లాంటివాళ్లు నిలబడాలి.

మిరపచేను
నిలబడతాను గానీ, ఆ ఎన్నిక పనిదినాన పెడతారు. పోయినసారి కూలి పోతుందని మా వాడలో సగం మంది రాలేదు, వచ్చినవాళ్లు చెయ్యెత్తి పోయారు. ఆదివారం పెట్టమని అడగొచ్చా? ఎవర్ని అడగాలి?