రీమ్యాప్ చేయించాక నల్లపొగ, క్లచ్ జారుడు. ఏం చేయాలి?

మాది విజయనగరం. బీఎస్-4 డీజిల్ పికప్ ఉంది. సాలూరు దాటాక ఘాట్‌లో లోడుతో రెండో గేరు దాటట్లేదని, ఒక మెకానిక్ మాట విని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీమ్యాప్ చేయించాను, అంటే పవర్ కోసం దాని సెట్టింగులు మార్పించాను. పికప్‌కి పికప్ వచ్చింది, నిజమే! కానీ యాక్సిలరేటర్ తొక్కితే వెనకంతా నల్లపొగ. మూడో గేరులో ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి లాగదు. క్లచ్ జారుతోందని నా అనుమానం.

డీజిల్ పెంచి గాలి పెంచకపోతే పొగ తప్పదని, ఆ వేడికి టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది), పిస్టన్లు పోతాయని ఒక లారీ డ్రైవరన్న చెప్పాడు. అప్పట్నుంచీ టెన్షన్.

పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), హెవీ డ్యూటీ క్లచ్ వేయిస్తే సరిపోతుందా? పాత ట్యూన్‌కే వెళ్లిపోవాలా? బ్రేకులు ఇంకా పాతవే (ఇంట్లో చెప్పలేదు). వచ్చే నెల ఫిట్‌నెస్ కూడా ఉంది. ఈ పని చేయించినవాళ్లుంటే చెప్పండి.