రబ్బరు సరుకు మొదటిసారి దిగుమతి చేస్తున్నాను: అంతా ఒకే కోడ్ కింద వస్తుందా?

ప్రశ్న (బాలానగర్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది బాలానగర్‌లో చిన్న స్పేర్ పార్టుల షాపు. ఇన్నాళ్లూ చెన్నై, ముంబై హోల్‌సేల్ వాళ్ల దగ్గరే కొన్నాం. ఈసారి సొంతంగా చైనా నుంచి తెప్పిద్దామని ఐఈసీ (దిగుమతి-ఎగుమతి చేసేవాళ్లకు కావలసిన నంబర్) తీసుకున్నాను. జిమ్ముల్లో నేల మీద పరిచే రబ్బరు టైల్స్, పంపులకు వేసే ఓ-రింగులు, కారు సస్పెన్షన్ బుష్‌లు, చోటు మిగిలితే కొన్ని హవాయి చెప్పులు. ఇదీ ఆర్డర్. మొత్తం విలువ సుమారు 5 లక్షలు. సప్లయర్ అన్నిటికీ ఒకే హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని గుర్తించే నంబర్), 4016 వేసి ప్రొఫార్మా (ముందస్తు బిల్లు) పంపాడు. "అంతా రబ్బరే కదా, మీ దగ్గర డ్యూటీ పది శాతమే" అంటున్నాడు. మా బావమరిదేమో ముప్పై శాతం పైనే పడుతుందంటున్నాడు. సోమవారం లోపు అడ్వాన్స్ కట్టాలి. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు (కస్టమ్స్ క్లియరింగ్ పనిలో ఉన్న సభ్యుడు, హైదరాబాద్)

అన్నా, సోమవారం అడ్వాన్స్ కట్టకండి. ముందు ఒక్కో ఐటమ్ దేనితో తయారైందో సప్లయర్ చేత కాగితం మీద రాయించుకోండి. డ్యూటీ, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నిబంధనలు, లేబుల్ అన్నీ ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటాయి. అడ్వాన్స్ కట్టాక అడిగితే సరిగ్గా జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

మీ బావమరిది చెప్పిన లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 4016 కింద బేసిక్ డ్యూటీ పది శాతం. దాని మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి. సరుకు విలువకు ఈ రెండూ కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద కట్టే జీఎస్టీ). సరుకు విలువ 5 లక్షలైతే బేసిక్ 50,000, సర్‌చార్జి 5,000, 5,55,000 మీద ఐజీఎస్టీ 99,900. మొత్తం 1,54,900, అంటే 30.98 శాతం. సప్లయర్ బేసిక్ ఒక్కటే చెప్పాడు, మీ బావమరిది మీరు చేతి నుంచి కట్టాల్సిన మొత్తం చెప్పాడు.

ఇక్కడ 5 లక్షలంటే ఇన్వాయిస్ మీది అంకె కాదు, సరుకు ధరకు ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన విలువ. మీ ప్రొఫార్మా ఎఫ్‌ఓబీ (ఓడలోకి ఎక్కించేవరకు అయ్యే ధర) అయితే ఆ రెండూ విడిగా కలుపుతారు. కిరాయి ఎంతో తేల్చే కాగితం లేకపోతే ఎఫ్‌ఓబీలో 20 శాతం, ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే 1.125 శాతం వేసుకుంటారు. అసలు కిరాయి చాలాసార్లు 20 శాతం కంటే తక్కువే ఉంటుంది కాబట్టి ఫ్రైట్ బిల్లు పోగొట్టుకుంటే ఊరికే డ్యూటీ పెరుగుతుంది.

ఇప్పుడు ఒక్కో ఐటమ్ చూద్దాం. ఓ-రింగులతో గొడవ లేదు. గాస్కెట్లు, వాషర్లు, సీళ్లు అన్నీ 4016 93 కిందికి వస్తాయి. పంపులో వేసేవే అయినా వాటిని మెషినరీ పార్టులుగా చూపించకూడదు. గట్టి రబ్బరు కాని వల్కనైజ్డ్ (గంధకంతో వేడిచేసి సాగే గుణం తెచ్చిన) రబ్బరు వస్తువులను కస్టమ్స్ టారిఫ్‌లోని మెషినరీ సెక్షన్ నోట్ నేరుగా బయట పెట్టింది.

టైల్స్ దగ్గర నాకు భయంగా ఉంది. నిజంగా రబ్బరైతే 4016 91, ఫ్లోర్ కవరింగ్. కానీ చైనా వాళ్లు "ఈవీఏ రబ్బర్", "రబ్బర్ ఫోమ్" అని రాసి పంపేవాటిలో చాలావరకు ఈవీఏ, అంటే ప్లాస్టిక్. అది టారిఫ్‌లో 39వ అధ్యాయం. నేల మీద పరిచే ప్లాస్టిక్ టైల్స్ 3918లోకి వెళ్తాయి, అక్కడ బేసిక్ 15 శాతం. అదే 5 లక్షల మీద 75,000, సర్‌చార్జి 7,500, ఐజీఎస్టీ 1,04,850. మొత్తం 1,87,350.

రెండేళ్ల కింద మా క్లయింట్ ఒకాయనకు ఇదే జరిగింది. ఇన్వాయిస్‌లో రబ్బర్ మ్యాట్ అని ఉంది. ఎగ్జామినేషన్‌లో ఆఫీసర్ ఒక పలక చేత్తో ఎత్తి చూశారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం. చిన్న పిల్లవాడు కూడా ఎత్తేంత తేలిక. శాంపిల్ ల్యాబ్‌కు వెళ్లింది, ఈవీఏ అని రిపోర్టు వచ్చింది. అది వచ్చేదాకా కంటైనర్ కదలలేదు. పెరిగిన డ్యూటీ కంటే డెమరేజ్, డిటెన్షనే (సరుకు, కంటైనర్ ఆగినందుకు పడే రుసుములు) ఎక్కువైంది. పాపం, ఆయన కావాలని ఏమీ చేయలేదు, సప్లయర్ మాట నమ్మాడు.

అందుకే మీరు ప్యాకింగ్ లిస్ట్‌లో బరువు చూడండి. పాత టైర్ల పొడిని జిగురుతో అదిమి చేసే అసలు రబ్బరు టైల్ ఆ కొలతలో దాదాపు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. ఈవీఏ రెండు కిలోలు ఉంటే ఎక్కువ. పలకల సంఖ్యతో నికర బరువును భాగించండి, విషయం మీకే తెలిసిపోతుంది. కస్టమ్స్ చూపు రబ్బరు అనే పేరు మీద ఉండదు. సింథటిక్ రబ్బరు అనిపించుకోవాలంటే 40వ అధ్యాయం నాలుగో నోట్‌లో పరీక్ష ఉంది: వల్కనైజ్ చేశాక మామూలు గది ఉష్ణోగ్రతలో మూడింతలు సాగదీసినా తెగకూడదు, రెండింతలు సాగదీసి వదిలితే ఐదు నిమిషాల్లో ఒకటిన్నర రెట్లకు లోపు వెనక్కి రావాలి. ఇది ల్యాబ్‌లో చేసే పరీక్ష, మనం ఇంట్లో చేసేది కాదు. మీరు బరువు చూసుకుంటే చాలు.

బుష్‌ల విషయం తేలిక కాదు. మొత్తం రబ్బరే అయితే 4016. వాహనాల సెక్షన్ నోట్ కూడా వల్కనైజ్డ్ రబ్బరు వస్తువులను కారు పార్టుల్లోంచి బయటికి తీసేసింది. కానీ లోపల ఇనుప గొట్టం, బయట ఇనుప రింగు అతికించి ఉంటే అది రబ్బరు వస్తువా, సస్పెన్షన్ పార్టా అని క్వెరీ వస్తుంది. 8708 (వాహన భాగాల కోడ్) అయితే బేసిక్ 15 శాతం. డ్రాయింగ్, ఫొటో చూడకుండా నేనేమీ చెప్పలేను, చూడకుండా చెప్పేవాళ్లను మీరూ నమ్మకండి. ఈ ఐటమ్ ఏటా తెచ్చే ఉద్దేశం ఉంటే, సరుకు ఏ కోడ్‌లోకి వస్తుందో ముందే తేల్చి చెప్పే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి వెళ్లొచ్చు. ఢిల్లీలో, ముంబైలో ఉన్నాయి. ఫీజు 10,000 రూపాయలు, మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలి.

చెప్పులు మాత్రం వదిలేయండి. ముందసలు అవి 40వ అధ్యాయమే కాదు, పాదరక్షలకు 64 వేరుగా ఉంది. రెండోది, రబ్బరు పాదరక్షలకు క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ 2024 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. హవాయి చెప్పులకు బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10702. ఆ లైసెన్స్ దిగుమతిదారుడు తెచ్చుకునేది కాదు, చైనాలో తయారుచేసే ఫ్యాక్టరీకే బీఐఎస్ లైసెన్స్ ఉండాలి, చెప్పు మీద ఐఎస్‌ఐ మార్క్ ఉండాలి. లేకపోతే ఆ నాలుగు అట్టపెట్టెల వల్ల మిగతా సరుకంతా ఇరుక్కుంటుంది.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చాలా థాంక్స్. చెప్పులు ఇప్పుడే తీసేయమని మెసేజ్ పెట్టాను. ఒక సందేహం. తప్పు కోడ్‌తోనే సరుకు బయటికి వచ్చేస్తే ఇక అయిపోయినట్టే కదా? మా పక్క షాపాయన అలాగే తెస్తున్నానన్నాడు.

క్లియరింగ్ సభ్యుడు

అయిపోదన్నా. బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి డిక్లరేషన్) కోడ్, విలువ మీరే ప్రకటిస్తున్నారు, అది సెల్ఫ్ అసెస్‌మెంట్. తక్కువ డ్యూటీ కట్టారని తర్వాత తేలితే మామూలుగా రెండేళ్ల లోపు నోటీసు ఇవ్వొచ్చు. కావాలని దాచారంటే ఐదేళ్లు. వడ్డీ, పెనాల్టీ అదనం. అప్పటికి మీరు ఆ ధరకే సరుకు అమ్మేసి ఉంటారు, తేడా ఎవరి దగ్గర వసూలు చేస్తారు? పక్క షాపాయనకు కూడా ఈ మాట చెప్పండి.

ఇంకో సంగతి. ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చాక మీ కంటైనర్ సనత్‌నగర్ ఐసీడీకి (లోతట్టు కంటైనర్ డిపో) వచ్చినా, కాగితాలు చూసే ఆఫీసర్ వేరే ఊళ్లో ఉండొచ్చు. ఎదురుగా కూర్చుని చేత్తో చూపించి వివరించే అవకాశం ఉండదు. కాబట్టి కేటలాగ్, డ్రాయింగ్, ఏ పదార్థం ఎంత శాతమో తెలిపే సర్టిఫికెట్ మొదటే అప్‌లోడ్ చేయండి.

బిల్ ఆఫ్ ఎంట్రీ సరుకు చేరే రోజుకు ముందు రోజు ముగిసేలోపు ఫైల్ చేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు. 5 లక్షల సరుకుకు వారం ఆలస్యమైతే మీ లాభం మొత్తం అక్కడే పోతుంది. సప్లయర్ బీఎల్ (సరుకు ఓడలో ఎక్కించినట్టు ఇచ్చే రసీదు) కాపీ, ఇన్వాయిస్ ఓడ బయలుదేరిన వెంటనే పంపాలని ఆర్డర్‌లోనే రాయించండి.

జవాబు (విజయవాడ నుంచి, అకౌంట్స్ చూసే సభ్యురాలు)

తమ్ముడూ, లెక్కలో ఒక మాట కలుపుతాను. పై 1,54,900లో ఐజీఎస్టీ 99,900 మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ జీఎస్టీ నంబర్ సరిగ్గా పడితే జీఎస్టీఆర్-2బీలో (పోర్టల్‌లో మీ క్రెడిట్ల పట్టిక) కనిపిస్తుంది. బేసిక్, సర్‌చార్జి కలిపి 55,000 మాత్రం రాదు, అదే మీ అసలు ఖర్చు. ధర కట్టేటప్పుడు దాన్నే సరుకు మీద వేసుకోండి. రబ్బరా ఈవీఏనా అన్న తేడా కూడా ఇలాగే చూడాలి. చేతి నుంచి 32,450 ఎక్కువ కడతారు, అందులో 4,950 వెనక్కి వస్తుంది, 27,500 నిజంగా పోతుంది. మీరు కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో జీఎస్టీ కట్టే పద్ధతి) ఉంటే మాత్రం క్రెడిట్ అసలు రాదు. అలా ఉంటే దిగుమతి మొదలుపెట్టక ముందే మీ ఆడిటర్‌తో కూర్చోండి.

టైల్స్ పెట్టెల్లో పెట్టి రిటైల్‌గా అమ్ముతారు కదా. అయితే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశం సరుకు, పరిమాణం, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు నంబర్ ఉండాలి. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011. ఈ లేబుల్ లేకుండా కస్టమ్స్ నుంచి సరుకు బయటికి రాదు. చైనాలోనే ప్రింట్ చేయిస్తే పైసల్లో పని. ఇక్కడికొచ్చాక కస్టమ్స్ గోదాములో కూలీలను పెట్టి ఒక్కో పెట్టెకు అతికించిన వాళ్లను చూశాను, రెండు రోజులు పట్టింది. ఫ్యాక్టరీలకు విడిగా ఇచ్చే ఓ-రింగులకు ఈ బాధ లేదు.

ప్రశ్న (కాకినాడ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఆటో టైర్లు, ట్యూబులు తెద్దామని ఉంది. థాయ్‌లాండ్ నుంచి షీట్ రబ్బరు కూడా చౌకగా వస్తుందంటున్నారు, విశాఖలో దింపుకోవచ్చా?

క్లియరింగ్ సభ్యుడు

టైర్లు చిన్న వ్యాపారికి తగిన పని కాదండి, నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. 2020 జూన్ 12న డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) చాలా రకాల కొత్త టైర్లను రిస్ట్రిక్టెడ్ జాబితాలో పెట్టింది, అంటే ముందు లైసెన్స్ కావాలి. టూవీలర్, త్రీవీలర్ టైర్లకు ఐఎస్ 15627, ట్యూబులకు ఐఎస్ 13098 తప్పనిసరి. పైగా 2022లో వచ్చిన రూల్స్ ప్రకారం టైర్లు దిగుమతి చేసేవాళ్లు కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఈపీఆర్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత మోయాలి. పైరాలిసిస్ (గాలి లేకుండా వేడిచేయడం) ద్వారా నూనె తీయడానికి పాత టైర్లు తెప్పించడమైతే పూర్తిగా నిషేధం. ఎవరైనా ఆ వ్యాపారం చెబితే దూరంగా ఉండండి.

షీట్ రబ్బరు విశాఖలో దిగదు. సహజ రబ్బరు దిగుమతిని 2016 జనవరిలో చెన్నై, నవా షేవా రేవులకే పరిమితం చేశారు. డ్యూటీ 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, రెండింట్లో ఏది తక్కువైతే అది. లేటెక్స్ అయితే 70 శాతం లేదా కిలోకు 49 రూపాయలు. ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల) ఒప్పందం సర్టిఫికెట్ ఉంది కదా అని థాయ్‌లాండ్ వాళ్లు అంటారు. సహజ రబ్బరు ఆ రాయితీల్లో లేదు, కేరళ రైతుల కోసం దాన్ని మినహాయించారు. కాస్త నల్లపొడి కలిపి కాంపౌండ్ రబ్బరుగా తెచ్చే దారి కూడా 2023 బడ్జెట్‌తో మూసుకుపోయింది, దాని మీదా ఇప్పుడు అదే 25 శాతం లేదా 30 రూపాయలు.

తయారైన రబ్బరు వస్తువులకైతే మలేషియా, థాయ్‌లాండ్, వియత్నాం నుంచి ఆసియాన్ సర్టిఫికెట్‌తో చాలావాటికి డ్యూటీ తగ్గుతుంది. బాలానగర్ అన్న కూడా ఓ-రింగులకు అక్కడి ధర ఒకసారి కనుక్కుంటే మంచిది. అయితే 2020 సెప్టెంబర్ 21 నుంచి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ఆ సరుకు నిజంగా అక్కడే తయారైందని చూపించే వివరాలు మీ దగ్గర ఉండాలి, ఐదేళ్లు దాచాలి. చైనా సరుకును మలేషియాలో పెట్టె మార్చి పంపేవాళ్ల వల్ల వచ్చిన రూల్ ఇది.

ప్రశ్న అడిగినవారు

అన్నా, లెక్క వేశాను. ప్యాకింగ్ లిస్ట్‌లో 400 పలకలు, నికర బరువు 7,400 కిలోలు. ఒక్కోటి పద్దెనిమిదిన్నర. సైజు మీరు చెప్పిందే. బుష్‌ల ఫొటో అడిగితే లోపల ఇనుప గొట్టం ఉన్నట్టు కనిపిస్తోంది. డ్రాయింగ్ బుధవారం పంపుతానన్నాడు.

క్లియరింగ్ సభ్యుడు

టైల్స్ బరువు సరిపోయింది, అయినా పదార్థం సర్టిఫికెట్ తీసుకోండి. బుష్‌లను ఈ ఆర్డర్‌లోంచి తీసి టైల్స్, ఓ-రింగులకే ప్రొఫార్మా మళ్లీ అడగండి. ఒక్కో ఐటమ్‌కు విడిగా కోడ్, విడిగా బరువు రాయమనండి. అడ్వాన్స్ ఆ కాగితం వచ్చాకే. బుష్‌ల డ్రాయింగ్ బుధవారం రాగానే ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.