చెరువు అడుగు మట్టిని పొరలు చెదరకుండా ఎట్లా తీయాలె?

అన్నలూ, అక్కలూ, మాది నల్లగొండ దగ్గర పల్లె. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం చెరువు అడుగు మట్టిని నిలువు కడ్డీ లెక్క తీయాలె. కందూరు చోడుల నాటి పానగల్ ఉదయసముద్రం మీద ఆశ ఉండె గానీ, అది ఇప్పుడు రిజర్వాయరు. నా పైపుతోని అయ్యే పని కాదు. అందుకే మా ఊరి చెరువుకు దిగిన.

తెప్ప మీంచి 3 అంగుళాల పీవీసీ పైపును సుత్తితో దించినం. మీటరు దిగింది, పైకి లాగితే 60 సెంటీమీటర్ల మట్టే. మిగతాది లోపల నొక్కుకపోయిందా, కింద నుంచి జారిందా? పైన మూత గాలి ఆడకుండా బిగిస్తే మట్టి నిలుస్తది. మాది సరిగ్గ పట్టలే. పిస్టన్ ఉన్న గొట్టం వెల్డింగ్ షాపుల చేయించుకున్నోళ్లు ఉన్నరా? వాషరుకు ఏం వాడిండ్రు?

ఇంకో గుబులు. మిషన్ కాకతీయల పూడిక తీసిన చెరువు ఇది, పై పొరలు పొలాల పాలైనయి. సీసం-210 (రేడియోధార్మిక సీసం)తో మట్టి వయసు కట్టాలనుకున్న. దాని అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) సుమారు 22 ఏండ్లే, కాబట్టి 150 ఏండ్ల లోపు మట్టికే పనికొస్తది. ఆ మట్టే లేకుంటే ఏం కట్టాలె? జేసీబీ పోని మూల ఒకటుంది, చూపిస్తా అంటుండు మా తాత. తూము దగ్గర మాత్రం వద్దంటడు. ఆ మూల నమ్మొచ్చా?