ఆస్తమా ఉన్న పిల్లాడితో మిన్నియాపొలిస్ నుంచి డాలస్‌కి మారడం మంచిదేనా?

అందరికీ నమస్కారం. మేం అమెరికాలో చలి బాగా ఉండే మిన్నియాపొలిస్ వచ్చి తొమ్మిదేళ్లయింది. డాలస్ దగ్గర ఫ్రిస్కోకి మారదామా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ.

అసలు కారణం మా బాబు. ఏడేళ్లు, ఆస్తమా ఉంది. జనవరి చలిలో స్కూల్ బస్సు వచ్చేలోపే దగ్గు అందుకుంటాడు. ముక్కు దాకా స్కార్ఫ్ చుట్టి పంపినా అంతే. బస్సు వచ్చేసరికి ఊపిరి తడికి ఆ స్కార్ఫ్ గడ్డకట్టి అట్టలా తయారవుతుంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మయితే ఆర్నెల్లూ హీటర్ పక్కనుంచి కదల్లేదు. మళ్లీ రమ్మంటే "చలికాలం వద్దులే నాన్నా" అంటోంది.

కానీ డాలస్‌లో ఎండాకాలం ఓజోన్ కాలుష్యం ఎక్కువ, చలికాలం సీడర్ చెట్ల పుప్పొడి. ఒక బాధ తప్పించబోయి పిల్లాణ్ణి ఇంకో బాధలోకి నెడతానేమోనని నా భయం. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు పడి కరెంటు పోయిన రోజులూ గుర్తున్నాయి.

డబ్బు సంగతి సర్దుకోవచ్చు. డాలస్ ఉన్న టెక్సస్‌ రాష్ట్రంలో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేకపోయినా ఇంటి పన్ను బాగా ఎక్కువ. నేను కంపెనీ మారాలి. గ్రీన్‌కార్డు కోసం ఇప్పటి కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది కాబట్టి ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో నా స్థానం చెప్పే తేదీ) నిలుస్తుంది, కానీ పెర్మ్ (కంపెనీ లేబర్ శాఖ నుంచి తీసుకోవాల్సిన అనుమతి) మళ్లీ మొదటినుంచి.

ఇలా చలి ప్రాంతం నుంచి డాలస్ వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి: మీ పిల్లలకి ఆస్తమా తగ్గిందా, పెరిగిందా? జులై, ఆగస్టుల్లో వాళ్లని బయట ఆడుకోనిస్తున్నారా? ముందు నేనొక్కణ్ణే వెళ్లి, ఈ ఏడాది స్కూలు అయ్యాక వీళ్లని తీసుకెళ్లడం మేలంటారా?