ఏప్రిల్ ఆఖరులో తిరువనంతపురం, కన్యాకుమారి, రామేశ్వరం: మగవాళ్ల బట్టలు 7 కిలోల్లో సర్దేదెలా?

హన్మకొండ_యాత్రి (ప్రశ్న):

అందరికీ నమస్తే. ఏప్రిల్ చివరి వారంలో దక్షిణాదికి వెళ్తున్నాను. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. రైలు రోజు కాకుండా ఆరు రోజులు. తిరువనంతపురంలో రెండు రోజులు (పద్మనాభస్వామి దర్శనం, ఒక పూట వర్కల బీచ్), కన్యాకుమారిలో ఒక రోజు, రామేశ్వరంలో రెండు, చివరి రోజు మదురై. అక్కడి నుంచి ఫ్లైట్‌లో హైదరాబాద్. క్యాబిన్ బ్యాగు ఒక్కటే తీసుకెళ్తాను, అంటే 7 కిలోలు దాటకూడదు.

రెండు జీన్సు, ఆరు టీ షర్టులు అనుకున్నాను. సరిపోతాయా? కాటన్ మంచిదా, లినెన్ మంచిదా, స్పోర్ట్స్ డ్రై ఫిట్ (పాలిస్టర్) రకం మంచిదా? పంచలు ఎన్ని కావాలి? రామేశ్వరం గుడిలో 22 తీర్థాల (బావుల) స్నానానికి ఏం వేసుకోవాలి?

మగ్గం_మాట:

తమ్ముడూ, జీన్సు రెండూ ఇంట్లోనే పెట్టు. హైదరాబాద్ ఎండ వేరు, అక్కడి ఉక్కపోత వేరు. మన దగ్గర 40 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. తిరువనంతపురంలో 33, 34 దగ్గరే ఆగుతుంది గానీ గాలి నిండా సముద్రపు తేమ. చెమట ఆరదు, కారుతుంది. ఉతికిన బట్టకీ అదే గతి. అందుకే కొనేముందు ప్రతి బట్టనూ ఒకటే అడుగు: రాత్రి ఉతికి ఫ్యాను కింద వేస్తే తెల్లారేసరికి ఆరుతుందా?

మామూలు జీన్సు బట్ట చదరపు మీటరుకు 400 గ్రాముల దాకా తూగుతుంది. ప్యాంటు మొత్తం 700 గ్రాములు. ఉతికితే నడుం పట్టీ, జేబుల అడుగు, కుట్లు రెండో రోజుకీ పచ్చిగానే ఉంటాయి. చొక్కాకైతే 100 నుంచి 120 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాములు) బట్ట చూడు, టీ షర్టుకు 140, 150. చాలా దుకాణాల్లో టీ షర్టులు 180 పైనే అమ్ముతారు. చేతికి దళసరిగా, నాణ్యంగా అనిపిస్తాయి గానీ ఉక్కలో బరువే. లేబుల్ మీద జీఎస్ఎం లేకపోతే బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి వెనక అరచెయ్యి పెట్టు. వేళ్ల ఆకారం మసగ్గా కనబడితే ఆ బట్ట పనికొస్తుంది. అసలేమీ కనబడకపోతే వదిలెయ్యి.

కాటన్‌లో పాప్లిన్, మల్మల్, మంగళగిరి 80 కౌంట్ (సన్న నూలు) చేనేత, పొందూరు సన్న ఖాదీ, ఏదైనా హాయిగా ఉంటుంది. లినెన్ ఇంకా చల్లన, తేమను కాటన్ కంటే ఎక్కువ పీల్చుకుంటుంది, ఒంటికి అతుక్కోదు. దాంతో ఇబ్బంది మడతలే. బ్యాగులో నొక్కిపెడితే మడత పడ్డచోట గీత నిలిచిపోతుంది. సగం కాటన్, సగం లినెన్ నేత దొరికితే ప్రయాణానికి అంతకంటే మంచిది లేదు.

ఇంకో మోసం ఉంది. పూల ప్రింట్ల 'హాలిడే షర్టులు' ఎక్కువ భాగం రేయాన్‌వి. తొడిగితే చల్లగా జారినట్టే ఉంటాయి. కానీ రేయాన్ తడిస్తే బలం తగ్గుతుంది, గట్టిగా పిండితే ఆకారం పోతుంది, ఆరడానికీ తాత్సారం చేస్తుంది. కాటనో పాలిస్టరో అనుమానమైతే లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి అంటించు. నూలు పోగైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

ఫిట్టింగ్ సంగతి కూడా చెప్పాలి. ఛాతీ 40 అయితే చొక్కా చుట్టుకొలత 46 ఉండాలి. ఒంటికీ బట్టకీ మధ్య గాలి ఆడకపోతే ఎంత సన్నటి కాటన్ అయినా వృథా. స్లిమ్ ఫిట్ ఈ ఆరు రోజులూ వద్దు. కొత్త బట్టలను ప్రయాణానికి ముందే రెండుసార్లు ఉతుకు. మొదటి ఉతుకులో కాటన్ నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు కుంచించుకుంటుంది, చేనేతలో ముదురు రంగులు కొంచెం దిగుతాయి. ఆ రంగు నీ తెల్ల పంచకు పట్టిందంటే ఊరు కాని ఊళ్లో వదిలించలేవు. గంజి మాత్రం పెట్టొద్దు. తేమకు గంజి మెత్తబడి చొక్కా వీపుకు అతుక్కుంటుంది.

రంగుల్లో బూడిద రంగుకు దూరం. చంకల కింద చెమట మరక దాని మీద కనబడినంతగా దేని మీదా కనబడదు. తెలుపు, ముదురు నీలం, చిన్న గళ్లు బాగుంటాయి.

సేతు_దారి:

బట్ట గురించి పైన అన్న గారు చెప్పేశారు. నేను గుళ్ల పద్ధతి చెప్తాను. బ్యాగులో ఏం పెట్టాలో సగం అక్కడే తేలిపోతుంది.

పద్మనాభస్వామి గుడిలో మగవాళ్లు పంచ కట్టుకోవాలి, చొక్కా, బనియన్ రెండూ తీసెయ్యాలి. ఉత్తరీయం భుజాన వేసుకోవచ్చు. ప్యాంటుతో, లుంగీతో పంపరు. గుడి బయట పంచలు అద్దెకు ఇస్తారు గానీ, మీ సొంతది ఉంటే ఒక క్యూ తప్పుతుంది. కన్యాకుమారి అమ్మవారి గుడిలోనూ మగవాళ్లు చొక్కా తీసి లోపలికి వెళ్లాలి. వర్కలలో జనార్దనస్వామిని చూసినా అంతే. మదురైలో చొక్కా తియ్యక్కర్లేదు, పంచ గానీ ప్యాంటు గానీ ఉంటే చాలు. నిక్కరుతో వెళ్తే మాత్రం తిప్పి పంపుతారు.

రెండు పంచలు చాలు, రెండూ ఒంటి పంచలే. సుమారు రెండు మీటర్లది అడ్డపంచగా చుట్టుకోవడానికి సరిపోతుంది, 250 గ్రాముల లోపే తూగుతుంది. నాలుగు మీటర్ల డబుల్ పంచ ఉక్కలో రెండు పొరలై కూర్చుంటుంది, ఆరదు. అలవాటు లేకపోతే నడుముకు అతికించుకునే రెడీమేడ్ పంచ తీసుకోండి. దానికి జేబు కూడా ఉంటుంది. మామూలు పంచైతే నడుం దగ్గర రెండు పిన్నీసులు పెట్టుకోండి. తోలు బెల్టు వద్దు, గుడ్డ బెల్టు మంచిది. పద్మనాభస్వామి గుళ్లోనూ, మీనాక్షి గుళ్లోనూ ఫోను లోపలికి రానివ్వరు. చొక్కా లేదు, జేబు లేదు, ఫోను బయట. మరి డబ్బులు, గది తాళం ఎక్కడ? పంచ కింద నడుముకు కట్టుకునే పల్చటి జిప్పు సంచి ఒకటి తప్పకుండా ఉండాలి.

కన్యాకుమారిలో వివేకానంద శిలా స్మారకం మీద చెప్పులు విప్పాలి. మిట్టమధ్యాహ్నం రాయి కాలుతుంది. పొద్దున్నే మొదటి బోట్లలో వెళ్లండి, లేదా దళసరి కాటన్ సాక్సు ఒక జత జేబులో పెట్టుకోండి. అక్కడ గాలి ఎంత ఉధృతంగా ఉంటుందంటే అడ్డపంచ నిలవదు, గడ్డం కింద తాడు లేని టోపీ సముద్రంలోకే. ఆ పూటకు ప్యాంటే నయం.

ధనుష్కోటి వైపు నీడనిచ్చే చెట్టు దొరకదు. ఇసుక మీద నుంచి కూడా ఎండ కొడుతుంది. పొట్టి చేతులు వేసుకుంటే మోచేతి కింద ఒక్క పూటలో కమిలిపోతుంది. పల్చటి ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఒకటి దానికోసమే పెట్టుకోండి.

22 తీర్థాలకు చాలామంది తెల్ల పంచతో వస్తారు. తడిస్తే అది పారదర్శకం అయిపోతుంది, కాళ్లకు చుట్టుకుంటుంది. ఒక బావి నుంచి ఇంకో బావికి తడి రాతి మీద నడవాలి, జారుడు. మోకాలు దాటే ముదురు రంగు పాలిస్టర్ నిక్కరు, పైన పల్చటి పాలిస్టర్ టీ షర్టు వేసుకోండి. ముందు అగ్నితీర్థంలో సముద్ర స్నానం, తర్వాత బావులు. తడి బట్టలతో గర్భగుడి దర్శనానికి పంపరు కాబట్టి పొడి పంచ, తువ్వాలు, లోదుస్తులు వేరే సంచిలో వెంట ఉండాలి. గది దగ్గరే పెట్టి వెళ్తే తడిసిన ఒంటితో వెనక్కి నడవడమే.

హన్మకొండ_యాత్రి:

చాలా థాంక్స్ అన్నా. ఒక అనుమానం. మగ్గం_మాట అన్న పాలిస్టర్ వద్దన్నట్టుంది, మీరు పాలిస్టరే అంటున్నారు. దేన్ని పట్టుకోవాలి? బనియన్లు వేసుకోవాలా? ఉతకడం గదిలో అయ్యే పనేనా?

మగ్గం_మాట:

ఇద్దరం చెప్పిందీ నిజమే తమ్ముడూ. నూరు గ్రాముల నూలు బట్ట మామూలు గాలి నుంచే సుమారు 8 గ్రాముల తేమ తీసుకుంటుంది, పాలిస్టర్ అర గ్రాము కూడా తీసుకోదు. నీళ్లలో దిగే పనికి ఆ గుణమే కావాలి. పిండి దులిపితే సగం ఆరినట్టే. రోజంతా తిరిగే పనికి అదే గుణం పగ. చెమట పోగులోకి ఇంకదు, దాని మీద కూర్చుంటుంది, సాయంత్రానికి వాసన పట్టుకుంటుంది. కాబట్టి డ్రై ఫిట్ సముద్రానికీ, తీర్థాలకూ. రైలుకూ, గుడికీ, ఊరు తిరగడానికీ కాటన్.

దండెం_కింద:

ఉతుకుడు, సర్దుడు నేను చెప్తా.

లోదుస్తులతో మొదలుపెడదాం, ఉక్కలో ఒళ్లు పాడయ్యేది అక్కడే. నడిచి నడిచి తొడలు ఒరుసుకుని మండుతాయి, చెమట నిలిచిన చోట తామర లేస్తుంది. పొట్టి డ్రాయర్లు వద్దు. తొడ సగం దాకా వచ్చే ట్రంకులు ఐదు పెట్టుకోండి, కాటన్‌లో కొంచెం సాగే నూలు కలిసినవి. తొడల లోపలి వైపు పొద్దున్నే వాసెలిన్ పల్చగా రాయండి. మంట మొదలయ్యాక రాసే పౌడరు చెమటకు ముద్దకట్టి ఇంకా గీరుతుంది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడుక్కుని పొడి బట్ట వేసుకోండి. ఉప్పు, ఇసుక ఉన్న నిక్కరుతో రెండు గంటలు బస్సులో కూర్చుంటే మిగతా యాత్ర అంతా కాళ్లు ఎడం పెట్టి నడవాల్సిందే.

బనియన్ మీద ఎవరి అలవాటు వారిది. నా మాట: పల్చటి చొక్కా కింద చేతుల్లేని బనియన్ వేసుకుంటే చెమట బనియన్‌కే పట్టి చొక్కా రెండో రోజుకూ పనికొస్తుంది. 90 గ్రాముల బనియన్ ఉతకడం 220 గ్రాముల చొక్కా ఉతకడం కంటే తేలిక. నాలుగు పెట్టుకోండి. టీ షర్టు కింద మాత్రం అక్కర్లేదు.

గదిలో ఉతకడం ఇలా. సబ్బు తక్కువ, జాడింపు ఎక్కువ. సబ్బు మిగిలితే బట్ట బిరుసెక్కి చెమటకాయల మీద గీసుకుంటుంది. పిండాక పొడి తువ్వాలు పరిచి, దాని మీద బట్ట పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, మోకాలితో అదిమి మెలితిప్పండి. మిగిలిన నీటిలో చాలా భాగం తువ్వాలు లాగేస్తుంది. ఇది చేస్తేనే 150 జీఎస్ఎం టీ షర్టు ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరుతుంది. దండేనికి మూడు మీటర్ల నైలాన్ తాడు, ఆరు క్లిప్పులు చాలు. తాడు ఫ్యానుకు సూటిగా కింద పడేట్టు కట్టండి. బాత్రూంలో ఆరేస్తే ఎన్ని గంటలైనా ఆరవు, ముక్క వాసన వస్తుంది. కన్యాకుమారిలో బాల్కనీలో ఆరేస్తే క్లిప్పు పెట్టినా గాలికి పోతాయి, పైగా ఉప్పు గాలికి జిగటగా అవుతాయి. లోపలే నయం.

బరువు చూద్దాం. ఒంటి మీద ఒక ప్యాంటు, ఒక చొక్కా, బూట్లు. ఇవి లెక్కలో రావు. బ్యాగులో:

చొక్కాలు మూడు (ఒకటి ఫుల్ హ్యాండ్స్) 660 గ్రాములు, టీ షర్టులు మూడు (ఒకటి పాలిస్టర్) 450, పల్చటి కాటన్ ప్యాంటు 350, గదిలో వేసుకునే నిక్కరు 250, నీళ్ల నిక్కరు 180, ఒంటి పంచలు రెండు 500, ట్రంకులు ఐదు 300, బనియన్లు నాలుగు 360, పల్చటి తువ్వాలు 150, రబ్బరు చెప్పులు 300. మొత్తం 3,500 గ్రాములు. ఖాళీ బ్యాగు 1,100, సబ్బు, షేవింగ్ సామాను 600, చార్జరు, పవర్ బ్యాంకు 400 వేస్తే 5,600. ఇంకా 1,400 గ్రాములు చేతిలో ఉన్నాయి.

ఆ 1,400ను వెళ్లేటప్పుడు నింపొద్దు. తిరుగు ప్రయాణంలో అవసరం పడుతుంది. పిండిన కాటన్ దాదాపు తన బరువంత నీళ్లు పట్టుకుని ఉంటుంది. రామేశ్వరం స్నానం మదురై బయల్దేరే పొద్దున పెట్టుకున్నారో, తువ్వాలు, లోదుస్తులు అన్నీ తడిగానే బ్యాగులోకి వస్తాయి. తీర్థ స్నానం రామేశ్వరంలో మొదటి రోజు పొద్దున్నే పెట్టుకోండి. ధనుష్కోటి రెండో రోజుకు జరపండి. ఆరడానికి ఒక పగలు, ఒక రాత్రి దొరుకుతాయి.

సర్దేటప్పుడు టీ షర్టులు, ట్రంకులు, నిక్కర్లు చుట్టండి. చొక్కాలు చుట్టొద్దు, కాలర్ నలిగిపోతుంది. గుండీలన్నీ పెట్టి, మూడు చొక్కాలనూ ఒకదాని మీద ఒకటి కాలర్లు ఎదురెదురుగా వచ్చేట్టు పరిచి, మధ్యలో చుట్టిన టీ షర్టులు పెట్టి మొత్తంగా ఒకే మడత వేయండి. మడత గుండ్రంగా వస్తుంది కాబట్టి గీత పడదు. పంచ, పిన్నీసులు, జిప్పు సంచి అన్నిటికంటే పైన. రైలు దిగాక స్నానం చేసి నేరుగా గుడికే వెళ్లేట్టయితే బ్యాగంతా విప్పక్కర్లేదు. తడి బట్టలకు ప్లాస్టిక్ కవర్లు రెండు పెట్టుకోండి, గదికి చేరగానే మాత్రం విప్పి ఆరేయండి. మూతి బిగించి రాత్రంతా ఉంచితే ముక్కిపోతాయి, ఆ వాసన ఒక్క ఉతుకుకు పోదు.

హన్మకొండ_యాత్రి:

స్నానం మొదటి రోజుకు మార్చుకున్నాను. జీన్సు పక్కన పెట్టేశాను. బూట్లు తప్పనిసరా? చెప్పులతోనే వెళ్తే?

సేతు_దారి:

బూట్లు వద్దు. రోజుకు నాలుగు చోట్ల విప్పాలి, తడి కాళ్లతో మళ్లీ తొడగాలి. వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ వేసుకుని వెళ్లండి, తోలువి కాదు. తోలు ఉప్పునీళ్లకు బిరుసెక్కి పగులుతుంది. కొత్తవైతే వారం ముందు నుంచే ఇంటి దగ్గర వాడండి, పట్టీ ఒరుసుకునే చోటు అక్కడే తెలిసిపోతుంది. శాండల్స్ ఉంటే పైన లెక్కలో రబ్బరు చెప్పులు తీసెయ్యొచ్చు, 300 గ్రాములు మిగులుతాయి. ఆ చోటులో మడత గొడుగు పెట్టుకోండి. ఏప్రిల్ ఆఖర్లో ఆ వైపు సాయంత్రం పూట ఉన్నట్టుండి వాన దిగుతుంది.