ట్యాంక్‌బండ్ మీద తాతయ్య ఫొటో: ఇది ఏ సంవత్సరం అయ్యుంటుందో చెప్పగలరా?

గౌను_పంచాయితీ:
అందరికీ నమస్కారం. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే అమ్మమ్మ పెట్టెలో పాత ఆల్బమ్ దొరికింది, అందులో రెండు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తీసినవి. ఒకదాంట్లో తాతయ్య ఒక పాపని ఎత్తుకుని నిలబడ్డాడు, వెనక హుస్సేన్‌సాగర్, దూరంగా కొండ మీద తెల్లగా ఏదో గుడిలా ఉంది. రెండోదాంట్లో రోడ్డు పొడుగునా కనిపిస్తోంది, ఎదురుగా డబుల్ డెక్కర్ బస్సు వస్తోంది. అసలు గొడవ ఏంటంటే ఆ పాప నేనంటే నేనని మా పెద్దమ్మ, అమ్మ, పిన్ని ముగ్గురూ కొట్టుకుంటున్నారు :) పెద్దమ్మ పుట్టింది 76లో, అమ్మ 81, పిన్ని 89. పాపకి మూడేళ్లు ఉంటాయేమో. ఫొటో వెనక పెన్సిల్‌తో 92 అని రాసుంది కాబట్టి పిన్ని తనదే గెలుపు అంటోంది. ఫొటోలు కింద పెట్టాను, పాత సిటీ తెలిసినవాళ్లు కాస్త చూసి చెప్పండి.

లష్కర్_పోరడు:
అన్నా మస్తున్నయ్ ఫొటోలు. గా బస్సు చూడంగనే పానం లేచొచ్చింది, 7 నంబర్, సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ పోతుండె. మేం బడికెళ్లి వచ్చేటప్పుడు ఖాళీ బస్సులు రెండు పోయినా సరే వదిలేసి డబుల్ డెక్కర్ కోసమే నిలబడేటోళ్లం, పైకెక్కి ముందట అద్దం కాడ సీటు దొరికితే ఇగ ఆ రోజు మనమే నిజాం. చెట్ల కొమ్మలు టపటప కొడుతుంటే తలకాయ వంచుకునుడు, కింద డ్రైవర్ ఒక్కడే గా చిన్న డబ్బాల కూసునుండె. 2003ల బంద్ చేసిన్రు. ఇప్పుడు 2023ల కరెంటువి మళ్ల తెచ్చిన్రు గని ఏసీల కూసుంటే గాలేది, గా కొమ్మలేవి. సారీ, నువ్వడిగింది ఏందో నేను చెప్తున్నది ఏందో. చెరువు నడుమ బుద్ధుడు లేడు చూడు, విగ్రహం నిలబెట్టింది 92 డిసెంబర్ 1న, అంటే దానికి ముందుదే. పిన్నిది ఇంకా ఆటలనే ఉన్నది.

పాత_నెగెటివ్:
పిన్నిగారు క్షమించాలి. రెండో ఫొటో పెద్దది చేసి చూశాను, రోడ్డుకి రెండు పక్కలా అంత దూరం కనిపిస్తోంది కదా, ఒక్క విగ్రహం కూడా లేదు. ట్యాంక్‌బండ్ మీద అన్నమయ్య, వేమన, శ్రీకృష్ణదేవరాయలు వగైరా విగ్రహాలన్నీ ఎన్టీఆర్ 83లో ముఖ్యమంత్రి అయ్యాక పెట్టించినవి, 92కి అన్నీ ఉన్నాయి. ఇక మొదటి ఫొటోలో కొండ మీద గుడి అంటున్నారే, అది నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం, అది తెరిచింది 76లో. కాబట్టి 76 తర్వాత, ఎనభైల మధ్యకి ముందు. బస్సు నంబర్ ప్లేట్ మీద చివరక్షరం జెడ్ కనిపిస్తోంది, ఆర్టీసీ బండ్లకి జెడ్ ఇచ్చేవాళ్లు, ముందు ఏపీ 9, ఏపీ 10 లాంటివి లేవు, మూడు అక్షరాలే ఉన్నాయి, అంటే 89కి ముందు రిజిస్టర్ అయిన బండి.

లష్కర్_పోరడు:
ప్లేట్ పాతదైతే ఏమైంది, పాత బస్సు 92ల గూడ తిరుగొచ్చు గదా? విగ్రహాల ముచ్చట మాత్రం ఒప్పుకుంట.

పాత_నెగెటివ్:
నిజమే, ప్లేట్ ఒక్కటే పట్టుకుని చెప్పలేం. ఇంకో మాట, ఇది మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ పాత ఫొటోలు అనగానే అందరూ రాజా దీన్‌దయాళ్ తీసిన ప్యాలెస్‌లూ, నవాబులూ, లేదంటే వేరేవాళ్లు తీసిన 1908 మూసీ వరద ఫొటోలే మళ్లీ మళ్లీ పంచుకుంటారు. అవి గొప్పవే, కాదనను. కానీ మామూలు రోడ్డు, బస్టాపు, సైకిల్‌కి కట్టిన క్యారియర్, ఇవన్నీ ఎవరూ పని గట్టుకుని తీయలేదు, ఇలా ఇంటివాళ్ల ఫొటోల వెనకాల పడ్డాయంతే. అందుకే స్కాన్ చేసేటప్పుడు మనిషి మొహం వరకు కత్తిరించకండి, మొత్తం ఫొటో 600 డీపీఐలో చేయండి, వెనక వైపు కూడా. ఆల్బమ్ జిగురు పేజీకి అంటుకుపోయుంటే లాగకండి, పేజీతో సహా స్కాన్ చేసేయండి.

కోఠి_పుస్తకాల_పురుగు:
నాకు ఫొటో కంటే ఆ రోడ్డు ఖాళీగా ఉండటం చూస్తే కడుపు మండిపోయింది. ఆదివారం పొద్దున నాన్న నన్ను సైకిల్ మీద ట్యాంక్‌బండ్ మీదుగా ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలకి తీసుకెళ్లేవాడు, అక్కణ్ణుంచి మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్, ఇంటికొచ్చేసరికి షర్ట్ అంతా గులాబీ మరకలు. ఇప్పుడు ఆ దారిలో సైకిల్ అంటే మా ఆవిడ ముందు ఇన్సూరెన్స్ కట్టమంటుంది. ఇంతకీ 92 ఏంటి మరి?

గౌను_పంచాయితీ:
అందరికీ బోలెడు థ్యాంక్స్, ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. 92 సంగతి తేలింది, అది సంవత్సరం కాదంట, ప్రింట్ వేయించినప్పుడు స్టూడియోవాడు ఇచ్చిన రసీదు నంబర్ అని అమ్మమ్మ నవ్వుతూ చెప్పింది, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదంట! పిన్ని అలిగి ఫోన్ పెట్టేసింది. ఇక 79 అయితే పెద్దమ్మ, 84 అయితే అమ్మ. గౌను బట్టి చెప్పమని అమ్మమ్మనే అడిగాం. "ఆ ఒక్క గౌనే కదే, కుచ్చులు విప్పి కుట్టి ముగ్గురికీ వేశాను" అంది. తాతయ్య చేతికి వాచీ ఉంది, అది ఎప్పుడు కొన్నాడో గుర్తు తెచ్చుకుంటా, రేపు ఫోన్ చేయమంది.

లష్కర్_పోరడు:
వాచీ పట్టీ లెదర్‌దా స్టీల్‌దా, దగ్గరికెళ్లి తీసి పెట్టు అన్నా, మేం ఈడనే ఉన్నం.