అప్‌డేట్: అమ్మకు సీబీసీటీ తీయించాం

పంటి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) కోసం అమ్మ దవడకు సీబీసీటీ (కోన్ బీమ్ సీటీ అనే స్కాన్) రాశారని, మామూలు సీటీకీ దీనికీ తేడా ఏమిటని అడిగాను కదా. ఓపికగా చెప్పిన అందరికీ థాంక్స్. స్కాన్ అయిపోయింది.

పడుకోబెట్టలేదు. కూర్చోబెట్టి, గడ్డం ఆనించి కదలవద్దన్నారు. మెషిన్ తల చుట్టూ ఒక్కసారి తిరిగింది, అర నిమిషం కూడా పట్టలేదు.

రేడియాలజిస్ట్ గారిని అడిగితే చక్కగా వివరించారు. మామూలు సీటీలో ఎక్స్-రే విసనకర్రలా పలచగా పరుచుకుంటుంది. ట్యూబ్ చాలాసార్లు తిరుగుతుంటే బల్ల జరుగుతూ ఉంటుంది. సీబీసీటీలో కిరణాలు శంఖువు ఆకారంలో వెళ్లి ఎదురుగా ఉన్న చదునైన డిటెక్టర్ మీద పడతాయి. ఆ ఒక్క చుట్టులోనే వందల చిత్రాలు తీసి, కంప్యూటర్ త్రీడీ బొమ్మ తయారుచేస్తుంది. రేడియేషన్ సాధారణంగా తక్కువ. ఎముక, పళ్లు బాగా తెలుస్తాయి. అయితే చెదిరే కిరణాలు ఎక్కువ కాబట్టి కండలాంటి మెత్తటి భాగాల మధ్య తేడా సరిగా తెలియదు. అలాంటి అవసరానికి మామూలు సీటీనో ఎమ్మారైనో కావాలి.

 

మాకు ముఖ్యమైంది కింది దవడ నరం. దానికి కనీసం 2 మి.మీ. ఎడం ఉండేలా ఇంప్లాంట్ పెడతారట. పంటి మీది మెటల్ క్యాప్ దగ్గర స్కాన్ బొమ్మలో చారలు పడినా నరం దారి స్పష్టంగా ఉంది. అమ్మ టెన్షన్ తగ్గింది, ఇంప్లాంట్‌కి డేట్ కూడా ఇచ్చారు.